వాల్వు రేడియో, వర్తూరు తెలుగు

వర్తూరు చుట్టుపక్కల పాత ఇండ్లు పడగొడతా ఉంటే అటకల మీదినుంచి వాల్వు రేడియోలు దిగుతా ఉండాయి. మర్ఫీ, ఫిలిప్స్, బుష్, ఎకో. కొనేవాళ్లు ముందు పెట్టె చెక్క చూస్తారు. మనం చూడాల్సింది ముల్లు తిరిగే గాజు పలక. దాని మీద ఊర్ల పేర్లుంటాయి.

మదరాసులో రేడియో క్లబ్బు ప్రసారాలు 1924లోనే మొదలైనా, ఆల్ ఇండియా రేడియో కేంద్రం వచ్చింది 1938లో. తమిళంతోపాటు తెలుగూ అక్కడినుంచే వినిపించేది. ‘ఆకాశవాణి’ పేరుతో మైసూరులో గోపాలస్వామి గారు 1935లో చిన్న కేంద్రం నడిపినారు. విజయవాడ కేంద్రం 1948లో, బెంగళూరు కేంద్రం 1955లో వచ్చినాయి. మీడియం వేవ్ రాత్రిపూట దూరం పోతాది కాబట్టి, పొద్దు మునిగినాక ముల్లు మెల్లగా జరిపి దూరపు తెలుగును పట్టుకొనేవాళ్లు. సిలోన్ తెలుగు పాటలు సరేసరి.

కరెంటు లేని ఇండ్లలో బ్యాటరీ సెట్లు. చూరు కింద రాగి జాలీ ఏరియల్. అప్పట్లో ఏటేటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టాల్సి ఉండేది. ఆ లైసెన్సు పుస్తకం దొరికితే పారెయ్యొద్దు, సెట్టు ఏ ఇంటిదో చెప్పేది అదే.

పాత సెట్టును నేరుగా ప్లగ్గులో పెట్టొద్దు. కాగితం కెపాసిటర్లు పాడై ఉంటాయి, వాల్వులు, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు. తెలిసిన మెకానిక్కు సీరీస్ బల్బు పెట్టి చూస్తాడు. గాజు పలకను సబ్బునీళ్లతో కడిగితే ఊర్ల పేర్లే పోతాయి.

ఇంకొకటి కూడా పోతా ఉండాది. రేడియో ‘ఉన్నది’ అంటే ఇల్లు ‘ఉండాది’ అనింది. రేడియో ‘తరువాత’ అంటే ఇల్లు ‘ఆమీట’ అనింది. ‘వాల్వు కాగేదాకా రోంతసేపు తాళు, ఆమీట మాట్లాడతాది’ అని పిల్లోళ్లకు చెప్పిన తెలుగు ఆ స్పీకరులోనుంచి ఎప్పుడూ రాలేదు. బడిలో కన్నడ, రేడియోలో విజయవాడ తెలుగు. మన మాటే తప్పేమో అనుకొని కొందరు బయట నోరు తగ్గించుకొన్నారు.

వాల్వు పోతే ఎస్.పి. రోడ్డులో వెతకొచ్చు. ఆ మాట పోతే యాడ వెతకేది? అందుకే సెట్టు ఇంటికి తెచ్చేముందు, దాన్ని విన్న అవ్వ దగ్గర కూర్చోండి. ‘అవ్వా, దీన్ని ఎట్ల పెడతాంటిరి?’ అని అడగండి. ఫోన్లో రికార్డు చేసి, ఆ పెట్టె పేరుతోనే దాచండి.