హిఫ్జ్: కంఠస్థం చేయడం ఒక ఎత్తు, నిలుపుకోవడం మరో ఎత్తు

పవిత్ర ఖుర్‌ఆన్‌లో 114 సూరాలు, 30 పారాలు ఉన్నాయి. కూఫా లెక్క ప్రకారం ఆయతులు 6,236. మదీనా ముషఫ్‌లో ఇది 604 పేజీలు. పదాలు లెక్కబెడితే సుమారు 77 వేలు. ఇంత గ్రంథాన్ని, అదీ ఇంట్లో మాట్లాడని అరబీ భాషలో, ఒక్క జేర్, జబర్ తప్పిపోకుండా పదేళ్ళ పిల్లలు అప్పజెప్పడం మనం చూస్తూనే ఉన్నాం. ఖుర్‌ఆన్‌ను జ్ఞాపకం ఉంచుకోవడానికి సులభం చేశామని అల్లాహ్ సూరా అల్ ఖమర్‌లో నాలుగుసార్లు తెలియజేశాడు.

అయితే దస్తార్‌బందీ నాడు ఇల్లంతా పండుగ చేసుకున్నాక, నాలుగైదేళ్ళకే ఆ అబ్బాయి తరావీహ్‌లో ముందు నిలబడటానికి వెనకాడే సంగతి కూడా చాలా కుటుంబాలకు తెలుసు. పిల్లవాడికి జ్ఞాపకశక్తి తక్కువై ఇలా జరగదు. కొత్త పాఠానికి ఇచ్చిన టైమ్ పాత పాఠానికి ఇవ్వకపోవడం వల్లే ఎక్కువగా జరుగుతుంది. తాడు వదులైన ఒంటె ఎంత తొందరగా జారిపోతుందో, చూసుకోకపోతే ఖుర్‌ఆన్ అంతకంటే తొందరగా మనసులోంచి జారిపోతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆయన స్వయంగా ప్రతి రంజాన్‌లో హజ్రత్ జిబ్రీల్ (అ)తో కలిసి ఖుర్‌ఆన్ దౌర్ చేసేవారు. చివరి ఏడాది రెండుసార్లు చేశారు. అంటే మళ్ళీ మళ్ళీ చదువుకోవడం మతిమరుపు వాళ్ళకు మాత్రమే పెట్టిన పని కాదు. హిఫ్జ్‌లో అది సగం పని.

ముందు నాజిరా, ఆ తర్వాతే హిఫ్జ్

ఒకసారి తప్పుగా నోటికి పట్టిన మాటను దిద్దడం, కొత్తగా నేర్చుకోవడం కంటే కష్టం. అందుకే ఖాయిదా, నాజిరా, తజ్వీద్ కుదిరాకే హిఫ్జ్ మొదలుపెట్టాలి. తెలుగు మాట్లాడే ఇళ్ళలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. అరబీలో సే, సీన్, సాద్ మూడు వేర్వేరు అక్షరాలు. తెలుగు లిపిలో రాస్తే మూడూ ‘స’ అయిపోతాయి. జాల్, జే, జాద్, జో నాలుగూ ‘జ’ అయిపోతాయి. పెద్ద హే, చిన్న హే రెండూ ‘హ’ అవుతాయి. పెద్ద ఖాఫ్‌తో ఖల్బ్ అంటే హృదయం, చిన్న కాఫ్‌తో కల్బ్ అంటే కుక్క. అక్షరం మారితే అర్థం ఎంత దూరం పోతుందో ఈ ఒక్క మాట చాలు. కాబట్టి తెలుగు లిపిలో రాసిన సూరాలు చూసి కంఠతా పట్టించవద్దు. అరబీ అక్షరాలు చూసి, ఉస్తాద్ నోట విని నేర్చుకోవాలి.

రోజుకు మూడు పాఠాలు

మన మదర్సాల్లో తరతరాలుగా నడుస్తున్న పద్ధతిలో మూడు భాగాలున్నాయి. పేర్లు ఒక్కోచోట కాస్త మారినా పని ఒక్కటే.

సబఖ్: ఈ రోజు కొత్తగా పట్టే పాఠం.
సబ్ఖీ: గత కొద్ది రోజుల్లో పట్టినది. సాధారణంగా ఇప్పుడు నడుస్తున్న పారాలో అయిపోయిన భాగం.
మంజిల్ లేదా ఆముఖ్తా: అంతకుముందు పూర్తయిన పారాలన్నీ వంతుల వారీగా.

ఈ పద్ధతి బలం ఏమిటో మానసిక శాస్త్రం కూడా తేల్చింది. 1885లో ప్రచురించిన పరిశోధనలో జర్మనీ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థం లేని అక్షరాలను తానే కంఠతా పట్టి, ఎంత కాలానికి ఎంత మరిచిపోతున్నాడో కొలిచాడు. నేర్చుకున్న మొదటి గంటల్లో, మొదటి రోజుల్లో మరుపు చాలా వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. సబ్ఖీ సరిగ్గా ఆ మొదటి రోజుల్లో కాపలా కాస్తుంది. మంజిల్ దీర్ఘకాలం కాస్తుంది.

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు ఇంకో సంగతి చూపించారు. ఒకే పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివిన విద్యార్థులు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. కానీ వారం తర్వాత చూస్తే, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. ఉస్తాద్ ముందు ముషఫ్ మూసి అప్పజెప్పడంలో లాభం అదే. ముషఫ్ తెరిచి పదిసార్లు చదివితే వచ్చేసినట్టే అనిపిస్తుంది. మూసి ఒక్కసారి చదివితే ఎంత వచ్చిందో తెలుస్తుంది.

ఒక పేజీ ఎలా పట్టాలి?

మొదట ఆ పేజీని మంచి ఖారీ గొంతులో రెండు మూడు సార్లు వినాలి. తర్వాత చూసి చదివి ఉస్తాద్‌కు వినిపించి తప్పులు దిద్దుకోవాలి. అప్పుడు ఒక్కో ఆయత్ తీసుకుని, చూసి కొన్నిసార్లు, చూడకుండా కొన్నిసార్లు చదవాలి. రెండో ఆయత్ వచ్చాక మొదటిదానితో కలిపి చదవాలి, మూడోది వచ్చాక మూడూ కలిపి. పిల్లలు ఆగిపోయేది ఎక్కువగా ఒక ఆయత్ చివర, తర్వాతి ఆయత్ మొదటి మాట దొరక్క. అందుకని ఆ అతుకుల దగ్గర ఎక్కువ సాధన చెయ్యాలి. పేజీ మారే చోట కూడా అంతే.

మొదటి నుంచి చివరి దాకా ఒకే ముద్రణ ముషఫ్ వాడాలి. ఆయత్ పేజీలో ఎక్కడుందో, పైనా కిందా, కుడివైపా ఎడమవైపా అన్నది కూడా జ్ఞాపకంలో భాగమవుతుంది. ఒక సంవత్సరం 13 లైన్లది, ఇంకో సంవత్సరం 15 లైన్లది పట్టుకుంటే ఆ ఆసరా పోతుంది.

ఒకేలా ఉండే ఆయతులు

హాఫిజ్‌లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి ముతషాబిహాత్, అంటే దాదాపు ఒకే మాటలతో వేర్వేరు సూరాల్లో వచ్చే ఆయతులు. ఇక్కడ అర్థం తెలిస్తే చాలా మేలు. పేదరికం వల్ల సంతానాన్ని చంపవద్దని అల్ అన్ఆమ్ 151వ ఆయత్, బనీ ఇస్రాయీల్ 31వ ఆయత్ రెండూ చెబుతాయి. మొదటిదాంట్లో ఉపాధి మాట దగ్గర తల్లిదండ్రుల ప్రస్తావన ముందు, పిల్లలది తర్వాత. రెండోదాంట్లో పిల్లలది ముందు. మొదటిది ఇప్పటికే పేదరికంలో ఉన్నవాళ్ళ గురించి, వాళ్ళ దిగులు ముందు తమ తిండి గురించే. రెండోది రేపు పేదరికం వస్తుందేమోనని భయపడేవాళ్ళ గురించి, వాళ్ళ దిగులు పుట్టబోయే పిల్లల గురించి. ముఫస్సిర్లు చెప్పిన ఈ తేడా ఒకసారి తెలిస్తే ఆ రెండు ఆయతులు ఇక కలిసిపోవు. ఇలాంటి జంటలు ఎదురైనప్పుడల్లా ఒక నోట్‌బుక్‌లో సూరా పేరు, ఆయత్ నంబరు రాసుకోవాలి. తెలుగు అనువాదం దగ్గర పెట్టుకుంటే తేడా పట్టుకోవడం తేలిక.

ఎన్నాళ్ళు పడుతుంది?

మదీనా ముషఫ్ లెక్కన వారానికి ఆరు రోజులు చదివితే, రోజుకు ఒక పేజీ చొప్పున సుమారు 2 ఏళ్ళు, అర పేజీ చొప్పున 4 ఏళ్ళకు కొంచెం తక్కువ, ఐదు లైన్ల చొప్పున 6 ఏళ్ళకు కొంచెం తక్కువ. సెలవులు, జబ్బులు, పరీక్షలు కలిపితే ఇంకా పెరుగుతుంది. బడికి పోతూ హిఫ్జ్ చేసే పిల్లలకు అర పేజీయే ఎక్కువ. పక్కింటి పిల్లాడు రెండేళ్ళలో పూర్తి చేశాడని మన పిల్లాడి సబఖ్ పెంచితే కోత పడేది మంజిల్‌కే. మంజిల్‌లో తప్పులు ఎక్కువైతే కొత్త సబఖ్ కొన్ని రోజులు ఆపించడమే మేలు.

బడి మానిపించి హిఫ్జ్‌లో చేర్చినవాళ్ళు పిల్లల సాధారణ చదువు సంగతి కూడా ముందే ఆలోచించాలి. 14 ఏళ్ళు నిండితే ఎన్‌ఐఓఎస్ ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి పరీక్ష రాసే వీలుంది.

ఇంట్లో అమ్మానాన్నలు చేయాల్సింది

నేర్చుకున్నది మెదడులో గట్టిపడటానికి నిద్ర చాలా అవసరం. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. ఫజ్ర్‌కు లేపాలంటే ఇషా తర్వాత తొందరగా పడుకోబెట్టాలి. రాత్రి పదకొండు దాకా ఇంట్లో టీవీ మోగుతుంటే పిల్లల్ని తప్పుపట్టి లాభం లేదు.

అరబీ రానివాళ్ళు కూడా పాఠం వినవచ్చు. ముషఫ్ తెరిచి వేలు పెట్టి చూస్తూ వింటే నాజిరా వచ్చిన అమ్మ చాలావరకు తప్పులు పట్టగలదు. తప్పు దొరికిన చోట వెంటనే అందించవద్దు, గుర్తు తెచ్చుకోవడానికి కొంచెం టైమ్ ఇవ్వండి. కొట్టడం, నలుగురిలో అవమానించడం వద్దే వద్దు. భయం ఉన్నచోట ధ్యాస పాఠం మీద నిలవదు, పైగా ఆ భయం ఖుర్‌ఆన్‌తోనే ముడిపడి ఉండిపోతుంది. దెబ్బలకు భయపడి పిల్లవాడు మదర్సాకు పోనంటే కారణం అడిగి తెలుసుకోండి.

ఆడపిల్లలకు నెలసరి రోజుల్లో తిలావత్ విషయంలో ఫిఖ్‌హ్ మస్లక్‌ల మధ్య అభిప్రాయ భేదాలున్నాయి. మీరు అనుసరించే ఆలిమ్‌ను లేదా ఆలిమాను అడగండి. ఏ అభిప్రాయమైనా వినడానికి అడ్డు లేదు కాబట్టి ఆ రోజుల్లో రికార్డింగ్ వింటే మంజిల్ తెగిపోదు.

హిఫ్జ్ పూర్తయ్యాక

ఇంటర్, డిగ్రీ, ఉద్యోగం, పెళ్ళి, ఇవన్నీ వచ్చేది ఆ తర్వాతే. అప్పుడు పట్టుకోవడానికి ఒక తేలిక లెక్క ఉంది. మదీనా ముషఫ్‌లో ఒక పారా సుమారు 20 పేజీలు. ఐదు పూటల నమాజుకు ముందో వెనకో నాలుగేసి పేజీలు చదివితే రోజుకు ఒక పారా, నెలకు ఒక ఖత్మ్ అవుతుంది. చదివినదాన్నే సున్నత్, నఫిల్ నమాజుల్లో పఠిస్తే అదే పరీక్ష కూడా అవుతుంది. ఇంకో హాఫిజ్‌ను జోడీగా పెట్టుకుని ఒకరిది ఒకరు వినడం మరీ మంచిది, ఎందుకంటే తన తప్పు తనకు వినపడదు. ఏటా తరావీహ్ చదివించే అవకాశం, చిన్న మసీదులోనైనా, ఇంట్లోనైనా వదులుకోవద్దు.

ఇప్పటికే చాలా మరిచిపోయినవాళ్ళు సిగ్గుపడి దూరం కావద్దు. ఎబ్బింగ్‌హౌస్ గమనించిన ఇంకో సంగతి ఇదే: ఒకసారి నేర్చి మరిచినదాన్ని తిరిగి నేర్చుకోవడానికి మొదటిసారి పట్టినంత టైమ్ పట్టదు. అమ్మ పారాతో మొదలుపెట్టి, మళ్ళీ ఒక ఉస్తాద్‌ను వెతుక్కుని, రోజుకు రెండు పేజీలు వినిపించండి. ఇంట్లోవాళ్ళు చేయగల సాయం కూడా ఒకటుంది. హాఫిజ్ అయిన కొడుకునో కూతురినో చుట్టాల ముందు పొగిడే బదులు, రోజూ ఓ అరగంట కూర్చుని మంజిల్ వినండి.