అన్నం తినేవాళ్ళకు రొట్టె అలవాటైన చరిత్ర

కెనడాలో స్థిరపడిన మన గిరిమిట్ సంతతి కుటుంబాలలో కొన్నేళ్ళుగా ఒక సమస్య తరచుగా వినవస్తున్నది. సర్రే వెళ్ళినా, స్కార్‌బరో వెళ్ళినా, ఏదో ఒక యింట్లో పిల్లకో పెద్దకో గోధుమ పడదని వైద్యులు చెప్పారనీ, మరొకరికి పాలు సరిపడవనీ, ఇక తినడానికి ఏమున్నదనీ అంటున్నారు. వెంటనే అంగడిలో ‘గ్లూటెన్ లేనిది’ అని అచ్చువేసిన సరుకుల వైపు పోవడం, ఆ రొట్టె ధర చూసి నిట్టూర్చడం మామూలైపోయింది. ఆ నిట్టూర్పు ఊరికే వచ్చినది కాదు. హాలిఫాక్స్ దుకాణాలలో 56 రకాల గ్లూటెన్ రహిత సరుకుల ధరలు సేకరించి 2008లో ప్రచురించిన ఒక పరిశీలనలో, మామూలు సరుకుకన్నా వాటి ధర సగటున 242 శాతం ఎక్కువని తేలింది. కూలి డబ్బులతో యిల్లు గడుపుకునేవారికి ఇది చిన్న భారం కాదు.

అయితే మేము ఇక్కడ అడగదలచినది ధరల ప్రశ్న కన్నా పాతది. గోధుమ మన పళ్ళెంలోకి ఎప్పుడు వచ్చింది? ఎవరు వడ్డించారు?

మన పూర్వీకులు ఓడలెక్కిన విశాఖపట్నం, గంజాం, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాడు జిల్లాలు గోధుమ సీమలు కావు. వరి ఉన్నవాడు వరి, లేనివాడు చోళ్ళు, గంటెలు, జొన్నలు తిన్నాడు. చోళ్ళంటే కొందరికి తెలియకపోవచ్చు. రాగులనీ, తెలంగాణంలో తైదలనీ అనేవి అవే. ఉదయం చోడి అంబలి, మధ్యాహ్నం ఇంత అన్నం, పచ్చిమిరపకాయ, పులుసు. పాడి లేని యింట మజ్జిగకు బదులు తరవాణి ఉండేది. గంజి కుండలో పులియబెట్టిన ఆ పుల్లని నీళ్ళలో అన్నం కలుపుకుని తిని పొలానికి పోయేవారు. అందులో గోధుమ లేదు, పాలూ లేవు. దాన్ని మేము గొప్పచేసి చెప్పడం లేదు. కడుపునిండా దొరికి ఉంటే వాళ్ళు సముద్రం దాటి ఉండేవారే కారు.

ఇక ఫిజీ సంగతి. అక్కడికి గిరిమిట్ ఓడలు 1879లో మొదలైనా, మద్రాసు రేవునుండి మనవాళ్ళను తీసుకుపోవడం 1903లో ఆరంభమైంది. 1916లో ఓడలు ఆగేనాటికి మొత్తం అరవై వేల పైచిలుకు కూలీలలో సుమారు పదిహేను వేలమంది మద్రాసు మీదుగా వెళ్ళినవారు. ఒప్పందపు షరతులు చదివితే తిండి లెక్క తెలుస్తుంది. మగవానికి రోజు కూలి ఒక షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్సులు. తోటకు చేరిన మొదటి ఆరు నెలలు యజమాని రేషను ఇస్తాడు, కాని ఉచితంగా కాదు. పన్నెండేళ్ళు దాటిన ప్రతి మనిషికీ రోజుకు నాలుగు పెన్సులు. మగవాని కూలిలో మూడోవంతు, ఆడమనిషి కూలిలో దాదాపు సగం తిండికే పోయేదన్న మాట. అదీ రోజు పని పూర్తిచేసి పూర్తి కూలి పుచ్చుకుంటేనే. బడ్జెట్ బిగువు అనే మాట మనకు కొత్త కాదు.

ఆ రేషనులో బియ్యం, పప్పులతోపాటు ముతక గోధుమపిండి ఉండేది. ఫిజీలో దానికి షార్ప్స్ అని పేరు. ఉత్తరాది సోదరులకు రొట్టె ఇంటి తిండి. మన అవ్వలకు ఆ పిండి ఏం చేయాలో తెలియదు. పక్క గదిలోని ఉత్తరాది స్త్రీలను చూసి నేర్చుకున్నారు. తరువాతి తరానికి అదే అమ్మ చేతి వంట అయింది. పాల సంగతి షరతులలో మరీ విచిత్రం. ఐదేళ్ళలోపు పిల్లలకు రోజుకు తొమ్మిది ఛటాకుల పాలు ఉచితం, అదీ మొదటి ఏడాది మాత్రమే. పెద్దలకు పాలు పోయాలని ఎక్కడా లేదు.

గిరిమిట్ తీరాక మనవాళ్ళు దొరికిన చోట వరి వేశారు, ఆవును కట్టేశారు. దీవుల వారినుండి దాలో దుంప, కర్రపెండలం, కొబ్బరిపాలతో వండే ఆకుకూరలు నేర్చారు. అయినా రొట్టె పోలేదు. 1987 సైనిక తిరుగుబాట్ల తరువాత వేలకొద్దీ కుటుంబాలు వాంకూవర్ పరిసరాలకు తరలివచ్చినప్పుడు ఆ రొట్టె పెనం కూడా వచ్చింది. ఇవాళ గోధుమ మానమని వైద్యుడు చెబితే మన తిండే మాన్పిస్తున్నాడని బాధపడుతున్నాము. అది మన తిండి అయి నూరేళ్ళు దాటినమాట నిజమే గాని, అంతకు ముందరిది మరచిపోయాము.

గయానానుండి టొరంటో చేరిన మనవారి కథ వేరు. మద్రాసు ఓడలు అక్కడికి 1845లోనే వెళ్ళాయి. 1982లో బర్న్‌హామ్ ప్రభుత్వం విదేశీ మారకం లేదన్న కారణంతో గోధుమపిండి దిగుమతిని నిషేధించింది. దేశంలో పండే బియ్యాన్నే పిండి పట్టుకుని వాడుకోమన్నది. గోధుమపిండి సురినాం వైపునుండి నది దాటి దొంగచాటుగా వచ్చేది. ఇంట్లో దొరికితే శిక్ష. బర్న్‌హామ్ 1985లో మరణించగా, మరుసటేడు ఆ నిషేధం తొలగింది. నాలుగేళ్ళపాటు బియ్యపు పిండి రొట్టె విరిగిపోతుంటే కన్నీళ్ళతో ఒత్తుకున్న ఆ తరం వారికి కెనడాలో తెల్లని మైదా సంచి స్వేచ్ఛకు గుర్తు. అలాంటి అమ్మమ్మతో ‘మనవడికి బియ్యపు పిండి పెట్టు’ అంటే ఆమెకు అది వైద్యంలా వినబడదు, బర్న్‌హామ్ ఆజ్ఞలా వినబడుతుంది. కోడళ్ళు ఈ సంగతి గ్రహించి మాట్లాడితే మంచిది. బియ్యపు పిండిని గోధుమ రొట్టెలా ఒత్తబోతే విరుగుతుంది, అది దాని స్వభావం. వేడినీళ్ళలో ఉక్కబెట్టి కుడుములుగా, ఉండ్రాళ్ళుగా చేస్తే, లేదా మినప్పప్పుతో రుబ్బి దిబ్బరొట్టె పోస్తే ఎందుకు విరుగుతుంది? ఆ వంటల పేర్లే మన యిళ్ళలో చాలాచోట్ల పోయాయి.

గోధుమ మానితే జబ్బు నయమవుతుందన్నది కూడా ఒక కరువు రుజువు చేసిన విషయం. విల్లెం డికె అనే డచ్చి వైద్యునికి గోధుమ మీద ముందే అనుమానం ఉండేది. 1944–45 చలికాలపు కరువులో హాలండులో రొట్టె దొరకకుండా పోయినప్పుడు సీలియాక్ పిల్లలు కోలుకున్నారనీ, రొట్టె తిరిగి రాగానే మళ్ళీ జబ్బుపడ్డారనీ చెబుతారు. ఆయన సిద్ధాంత గ్రంథం 1950లో వెలువడింది. గోధుమ, బార్లీ, రై గింజలలోని జిగట మాంసకృత్తే గ్లూటెన్. ఈ జబ్బు ఉన్నవారికి అది చిన్నప్రేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. భారతదేశంలో జరిపి 2016లో ప్రచురించిన ఒక పెద్ద పరిశోధనలో ఈ జబ్బు ఉత్తరాన నూటికి ఒకరి దరిదాపుల్లోనూ, దక్షిణాన బహు అరుదుగానూ కనబడింది. దానికి చోటిచ్చే జన్యువులు మాత్రం రెండుచోట్లా దాదాపు సమానమే. పెద్ద తేడా గోధుమ తినే మోతాదులో ఉన్నది. దక్షిణాది రక్తంతో ఉత్తరాది తిండి తింటున్న మనం ఈ లెక్కను ఒకసారి తలచుకోవాలి. అయితే అనుమానం రాగానే గోధుమ మానేయరాదు. మానితే రక్తపరీక్షలో జబ్బు బయటపడకపోవచ్చు. ముందు పరీక్ష, తరువాతే పథ్యం.

ఇక ఖర్చు సంగతి. పెద్ద బస్తా బియ్యం, చోడిపిండి, జొన్నపిండి నేడు సర్రేలోనూ స్కార్‌బరోలోనూ దొరుకుతున్నాయి. పప్పుకైతే కెనడాయే పుట్టిల్లు. సస్కాచువాన్ పొలాల ఎర్రపప్పు లోకమంతటికీ ఎగుమతి అవుతున్నది. కాని అదే పొలాల్లో గోధుమ, బార్లీ కూడా పండుతాయి గనుక పప్పులో ఆ గింజలు కలిసి ఉంటాయి. అవ్వలు చేటలో పోసి రాళ్ళు ఏరినట్టు ఏరి, కడిగి వండాలి. బొంబాయిరవ్వ ఉప్మాకు బదులు బియ్యపు రవ్వతో ఉప్పుడుపిండి చేసుకోవచ్చు. పొడి ఇంగువలో చాలావాటికి గోధుమపిండి కలుపుతారు. డబ్బా మీద చదవండి. 2012 ఆగస్టునుండి అమలులో ఉన్న కెనడా నిబంధనల ప్రకారం గోధుమ అయినా పాలు అయినా కలిస్తే ఆ సంగతి అచ్చువేయవలసిందే.

పాలు పడనివారికి మన పులుసు, చారు, కొబ్బరిపాలు ఉండనే ఉన్నాయి. ఎముకల కోసం బెంగపడేవారు చోళ్ళను తలచుకోవాలి. నూరు గ్రాములలో మూడువందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నది. పాలచక్కెర అరగనివారికి నెయ్యి సాధారణంగా ఇబ్బంది చేయదు. పాల మాంసకృత్తే పడనివారు మాత్రం దాన్నీ ముట్టరాదు.

పన్ను విషయం చాలామందికి తెలియదు. సీలియాక్ ఉన్నదని వైద్యుడు రాసిచ్చిన వ్యక్తి కోసం కొన్న గ్లూటెన్ రహిత సరుకులకు, మామూలు సరుకు ధరకు మించి పెట్టిన అదనపు సొమ్మును వైద్యఖర్చుగా చూపవచ్చును. ఇంట్లో ఆ వ్యక్తి తిన్న భాగానికే లెక్క. రొట్టె చేయడానికి కొన్న బియ్యపు పిండి కూడా ఇందులోకి వస్తుంది. రసీదులు దాచుకోవాలి.

చివరగా ఉగాదికీ శ్రీరామనవమికీ వంటకు నిలిచే సోదర సోదరీమణులకు ఒక విన్నపం. పూరీలు వేగిన నూనెలో గారెలు వేస్తే ఆ గారెలు సీలియాక్ ఉన్న బిడ్డకు పనికిరావు. గారెలు ముందు వేసి తీసి, మూతపెట్టి పక్కన ఉంచి, పూరీలు తరువాత వేయండి.