పొగలేని పొయ్యి చరిత్ర

గోదావరి మండలమున, పెద్దాపురము వంటి ఊళ్ళలో, పేదయింటి వంటకు చిరకాలము ఆధారమైనవి పిడకలు, కొబ్బరిమట్టలు, తాటాకులు, సరుగుడు పుల్లలు. మూడురాళ్ళ పొయ్యిలో కట్టె కాలినపుడు పుట్టు వేడిలో కుండకు చేరునది సుమారు పదింట ఒక వంతు. మిగిలినది గాలిలో కలిసిపోవును. పూర్తిగా కాలని భాగము పొగయై ఇల్లాలి కన్నులకును ఊపిరితిత్తులకును హాని చేయును. కనుక ఇట్టి ఇంట ఇంధనమును పొదుపు చేయవలెనన్న మొదట పొయ్యిని బాగుచేయవలెను.

ఈ పనికి శాస్త్రీయముగా పూనుకొన్నవారిలో హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన డాక్టరు ఎస్. పి. రాజు ఒకరు. కోట్లాది జనులకు పొగలేని వంటిండ్లు సమకూర్చుటను గూర్చి వారు 1953లో ఆంగ్లమున ఒక చిన్న పుస్తకమును ప్రకటించిరి. వారి పొయ్యి మట్టితో కట్టునదే. మంట మూసిన దారి వెంట ఒక కుండ క్రిందినుండి మరియొక కుండ క్రిందికి పోవును. పొగ గొట్టము గుండా ఇంటి పైకి వెడలును. వేడెక్కిన వాయువు తేలికయై గొట్టములో పైకి లేచుటచే పొయ్యినోటినుండి క్రొత్తగాలి లోనికి వచ్చును. ఈ లాగుడు హెచ్చైనచో వేడియు గొట్టము వెంట పోవును. అందుకే దానిని అదుపు చేయుటకు ఒక అడ్డుపలకను అమర్చిరి.

మూడు దశాబ్దముల పిదప, 1983–84లో, భారత ప్రభుత్వము మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమమును ఆరంభించెను. 2002 నాటికి రాయితీపై దేశమున మూడు కోట్లకు పైగా పొయ్యిలు వెలసెను. కాని వానిలో అనేకము మూలబడెను. గొట్టములో మసి పేరుకొన్నచో పొగ తిరిగి ఇంటిలోనికే వచ్చును. రంధ్రము కుండకంటె పెద్దదైనచో మంట సందులనుండి వెడలును. ఒడిశాలో మెరుగైన పొయ్యిలు ఇచ్చిన పల్లెలను కొన్నేండ్లు పరిశీలించినపుడును ఇదియే తేలెను: మొదటియేట తగ్గిన పొగ, పొయ్యిని శుభ్రపరచక పోవుటచే పిమ్మట మునుపటివలెనే ఆయెను; ఇంధనమును ఆదా కాలేదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1999లో దీపం పథకము క్రింద పేద స్త్రీల గ్యాసు కనెక్షనులకు ధరావతు చెల్లించెను. గ్యాసు పొయ్యిలో సగమునకు మించిన వేడి గిన్నెకు చేరును. ఐనను రెండవ సిలిండరుకు డబ్బు లేని ఇంట కట్టెపొయ్యి చల్లారలేదు. 2024లో దీపం–2 క్రింద ఏటా మూడు సిలిండర్లను ఉచితముగా ఇచ్చుట ఆరంభమైనది.

పొయ్యిని అమర్చిన దినముతో సహాయము ముగిసినచో పొదుపు నిలువదు. మసి దులుపుట, బీటలు పూడ్చుట, మరల ఇంధనము కొనుట అనువాని ఖర్చును ఆ లెక్కలో చేరవలెను.