జీపుకి చెప్పులు

మా వారికి బండి టైర్లు కొనడమంటే పెళ్ళిసంబంధం చూడడమంత పని. నాలుగు కొట్లు తిరగాలి, నలుగుర్ని అడగాలి, చివరికి ఎవరి మాటా వినకూడదు. ఎప్పుడూ జోక్యం చేసుకోని నేను ఈసారి మాత్రం మధ్యలో దూరాను. కారణం ఉంది.

మా అమ్మాయి పాడేరులో టీచరు. శనివారం సాయంత్రం ఘాటురోడ్డు దిగి విశాఖపట్నం వస్తుంది. సోమవారం తెల్లవారుతూనే మళ్ళీ కొండ ఎక్కుతుంది. కొండదారి కదా అని మా వారు ఎవరో వాడిన ఫోర్‌వీల్ డ్రైవ్ బండి కొనిచ్చారు. కంపెనీ పెట్టిన పేరు ఏదైనా, మా ఇంట్లో అది జీపే. పోయిన శ్రావణంలో, జోరువానలో, ఓ మలుపు దగ్గర బ్రేకు వేస్తే ఆ జీపు ఆగలేదు. జారుకుంటూ పోయి పిట్టగోడకి జానెడు దూరంలో నిలబడింది. "నాలుగు చక్రాలూ లాగే బండి కదా, ఏమీ కాదనుకున్నానమ్మా" అంది పిల్ల. మంచినీళ్ళ గ్లాసు పట్టుకున్న చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది.

మర్నాడే టైర్లు మార్చేద్దామన్నాం. కానీ ఎలాంటివి? టొరాంటోలో ఉన్న మా అన్నయ్య కొడుకు ఫోనులో "అత్తా, ఆల్ సీజన్ టైర్లు వేయించు. అన్ని కాలాలకీ పనికొస్తాయి" అన్నాడు. "ఎండల దేశంలో ఉన్నాం, సమ్మర్ టైర్లు చాలవూ?" అన్నారు మా వారు. కొట్టు అబ్బాయేమో "కొండకి ఏ.టి. వేయించండి సార్" అన్నాడు. ఎప్పుడో చదివిన చరిత్ర ఎమ్.ఏ. ఇన్నాళ్ళకి పనికొచ్చింది. పుస్తకాలు ముందేసుకుని కూచున్నాను.

తీరా చూస్తే ఈ ఎండా చలీ తగాదా టైరుది కానే కాదు, రబ్బరుది. 1830లలో అమెరికాలో రబ్బరు బూట్లూ కోట్లూ తెగ అమ్ముడుపోయాయట. ఎండాకాలం వచ్చేసరికి అవి బెల్లంపాకంలా సాగి కంపు కొట్టాయి. చలికాలంలో అప్పడాల్లా విరిగాయి. ఛార్లెస్ గుడ్‌ఇయర్ అనే ఆయన దీని వెంటపడి అప్పులపాలై జైలుకి కూడా వెళ్ళాడు. చివరికి 1839లో, గంధకం కలిపిన రబ్బరు వేడి పొయ్యికి తగిలినా కరగకుండా గట్టిపడడం చూశాడు. ఇంట్లో పొయ్యి మీదా ప్రయోగాలేనంటే, ఆ ఇల్లాలి అవస్థ మనకి తెలియనిదా!

1888లో బెల్‌ఫాస్టులో డన్‌లప్ అనే పశువైద్యుడు, కొడుకు మూడుచక్రాల సైకిలు కుదుపులు చూడలేక గాలి టైరు తయారుచేశాడు. అంటే టైరు చరిత్రలోనూ ఓ తండ్రి ఆదుర్దా ఉందన్నమాట.

మంచు దేశాలవాళ్ళకి మామూలు టైరు చాల్లేదు. ఫిన్లాండులో 1934లో లారీలకి, 1936లో కార్లకి మంచు టైర్లు వచ్చాయి. ఏటా రెండుసార్లు టైర్లు మార్చుకోలేక విసిగిన అమెరికావాళ్ళ కోసం గుడ్‌ఇయర్ పేరుతోనే వెలసిన కంపెనీ 1977లో 'టియెంపో' అనే ఆల్ సీజన్ టైరు తెచ్చింది. మా మేనల్లుడు చెప్పిన 'అన్ని కాలాలూ' ఇవీ! అందులో మంచు ఉంది గానీ మన రోహిణికార్తె లేదు.

మన ఊరికీ ఈ కథలో ఓ పేజీ ఉంది. 1942 మొదట్లో జపాను మలయాని పట్టుకోగానే రబ్బరు తోటలు దాని చేతికి పోయాయి. అమెరికాలో రేషను మొట్టమొదట పెట్టింది టైర్లకే. ఆ ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ హార్బరు మీద బాంబులు వేశాయి. మూటాముల్లె సర్దుకుని పల్లెలకి పరుగెత్తిన సంగతి మా అత్తగారు పదేపదే చెప్పేవారు. ఆ కరువులోనే కృత్రిమ రబ్బరు పెద్దఎత్తున తయారైంది. ఇవాళ్టి టైరులో రెండు రబ్బర్లూ కలుస్తాయి. ఆ పాళ్ళు మార్చే ఎండకో రకం, చలికో రకం చేస్తారు. సరిగ్గా ఎనభై ఏళ్ళకి, 2022లో, మన అచ్యుతాపురంలో టైర్ల ఫ్యాక్టరీ పెట్టింది జపాను కంపెనీయే, యొకొహామా. అత్తగారు వింటే ముక్కున వేలేసుకునేవారు.

ఇక అసలు లెక్క. వేసవి టైరు రబ్బరు సుమారు ఏడు డిగ్రీల కింద బిగుసుకుంటుంది. విశాఖలో పుష్యమాసపు రాత్రి కూడా అంత చలి ఉండదు. లంబసింగిలో కొన్ని తెల్లవారుజాములు సున్నా దాకా దిగుతుంది, నిజమే. ఆ నాలుగు రోజుల కోసం మెత్తటి రబ్బరు వేయిస్తే మన మే నెల తారురోడ్డు మీద గబగబా అరుగుతుంది. కొట్టు అబ్బాయి చెప్పిన ఏ.టి. అంటే కాలాల సంగతే కాదు, ఆల్ టెర్రైన్. అది బురదకీ రాళ్ళకీ మంచిది. మా పిల్ల దారేమో తడిసిన తారు. దానికి నీళ్ళని గాట్లగుండా బయటికి తోసే మామూలు రోడ్డు టైరే మేలు. ఇంకోటి, ఫోర్‌వీల్ డ్రైవ్ బండిని ముందుకి లాగుతుందే గానీ ఆపదు. ఆపేవి, రోడ్డుకి ఆనుకున్న నాలుగు అరచేతులంత రబ్బరు ముక్కలు.

మరి పాత టైర్ల గాట్లు బాగానే ఉన్నాయే, ఎందుకు జారింది? విప్పిన టైరు పక్కన ఓ నాలుగంకెలు కనిపించాయి: 1414. అంటే 2014లో పద్నాలుగో వారం పుట్టిందట. పదేళ్ళు దాటి, రబ్బరు చెక్కలా బిగిసిపోయింది. అమ్మినాయన ఆ మాట చెప్పలేదు, మేమూ అడగలేదు. మన వయసు మనం చెప్పం గానీ, టైరు మాత్రం ఒంటిమీదే రాసుకు తిరుగుతుంది!

వేసవి రకమే, ఈ ఏడు పుట్టినవే కొన్నాం. మా వారు అదంతా తన మాటే నెగ్గినట్టు చెప్పుకుంటున్నారు. చెప్పుకోనీండి. శనివారం సాయంత్రం వాన పడితే నేను ఇప్పటికీ గేటు దగ్గరే ఉంటాను.

మీ ఇంట్లో బండి ఉంటే ఈ ఆదివారం ఓసారి వంగి ఆ నాలుగంకెలు చదవండి. ఇంట్లోవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి.