కాస్తెలావ్

అల్ఫోన్సో డానియెల్ రొడ్రీగెజ్ కాస్తెలావ్ (జనవరి 30, 1886 - జనవరి 7, 1950) స్పెయిన్ వాయవ్య ప్రాంతమైన గలీసియాకు చెందిన రచయిత, చిత్రకారుడు, రాజకీయ నాయకుడు. రైతుల, జాలరుల వాడుక భాషగా చిన్నచూపుకు గురైన గలీసియన్ భాషకు సాహిత్యంలోనూ, పాలనలోనూ స్థానం కల్పించడానికి జీవితాంతం కృషి చేశాడు. ఆధునిక గలీసియా జాతీయవాదానికి ప్రధాన సిద్ధాంతకర్తగా ఈయనను పరిగణిస్తారు.

బాల్యం, విద్య

కాస్తెలావ్ సముద్రతీర గ్రామమైన రియాంషోలో జన్మించాడు. జీవనోపాధికై వలస వెళ్ళిన కుటుంబంతో బాల్యంలో కొన్నేళ్ళు అర్జెంటీనాలో గడిపి, 1900లో స్వదేశానికి తిరిగివచ్చాడు. సాంతియాగో దె కొంపోస్తెలాలో వైద్యవిద్య అభ్యసించాడు. స్వగ్రామంలో కొంతకాలం వైద్యం చేసి, ఆ వృత్తిని విడిచి పోంతెవేద్రా పట్టణంలో ప్రభుత్వోద్యోగిగా స్థిరపడ్డాడు. 1912లో విర్షీనియా పెరేయిరాను వివాహమాడాడు. వీరి ఏకైక కుమారుడు 1928లో బాల్యంలోనే మరణించాడు. మరుసటి సంవత్సరం దంపతులు ఫ్రాన్సులోని బ్రిటనీకి వెళ్ళారు. అక్కడి రాతి శిలువలపై కాస్తెలావ్ చేసిన అధ్యయనం 1930లో వెలువడింది.

సాహిత్యం, చిత్రకళ

కంటిచూపు సమస్య ఈయనను జీవితాంతం బాధించింది. అయినప్పటికీ కుంచెనూ, కలాన్నీ విడిచిపెట్టలేదు. 1920లో ప్రారంభమైన "నోస్" (మనం) పత్రిక స్థాపకులలో ఈయన ఒకడు. అదే పేరుతో 1931లో వెలువడిన చిత్రసంపుటి పేద రైతుల కష్టాలను, పెత్తందార్ల దౌర్జన్యాన్ని, వలసలను చూపుతుంది. "గాజు కన్ను" (1922), ఒక్కొక్క బొమ్మకు ఒక చిన్న కథ జోడించిన "కోవ్సాస్" (సంగతులు, 1926, 1929), "ఎప్పుడూ ఆ ఇద్దరే" అనే నవల (1934) ఈయన ముఖ్య రచనలు.

రాజకీయ జీవితం

1931లో స్పెయిన్ రాజ్యాంగ సభకు ఎన్నికై, అక్కడ గలీసియన్ భాష హక్కుల కొరకు వాదించాడు. అదే సంవత్సరం గలీసియా జాతీయవాద పార్టీ స్థాపనలో పాల్గొన్నాడు. 1934లో ప్రభుత్వం ఈయనను సుదూరాన ఉన్న బదహోస్‌కు బదిలీ చేసింది. ఇది ఒక విధమైన ప్రవాస శిక్ష. 1936లో తిరిగి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. ఆ యేడు జూన్ 28న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో గలీసియా స్వయంప్రతిపత్తి చట్టం ఆమోదం పొందింది. దానిని పార్లమెంటుకు సమర్పించడానికి మాడ్రిడ్ వెళ్ళి ఉండగా, జూలైలో అంతర్యుద్ధం మొదలైంది. గలీసియా త్వరలోనే తిరుగుబాటు సైన్యం వశమైంది. సహచరుడు అలెషాంద్రె బోవెదాను ఆగస్టు 17న కాల్చి చంపారు. మాడ్రిడ్‌లో ఉండటం వలన కాస్తెలావ్ ప్రాణాలు దక్కించుకున్నాడు, కాని మాతృభూమిని మరల చూడలేకపోయాడు.

ప్రవాసం, మరణం

"గలీసియా మార్తిర్" (అమరగలీసియా, 1937) మొదలగు చిత్రసంపుటాలలో యుద్ధకాలపు హత్యాకాండను చిత్రించాడు. న్యూయార్కు మీదుగా 1940లో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్ చేరాడు. గలీసియా వలసజీవులు అధికంగా ఉన్న ఆ నగరంలో, 1941లో ఈయన నాటకం "ముసలివారు ప్రేమలో పడరాదు" ప్రదర్శితమైంది. తన రాజకీయ సిద్ధాంతాలను వివరించిన "సెంప్రె ఎన్ గలీసా" (ఎల్లప్పుడూ గలీసియాలోనే) 1944లో అక్కడే ప్రచురితమైంది. అదే సంవత్సరం ఏర్పడిన ప్రవాస గలీసియా మండలికి మొదటి అధ్యక్షుడయ్యాడు. 1946లో స్పెయిన్ ప్రవాస ప్రభుత్వంలో మంత్రిగా పనిచేశాడు. 1950లో ఊపిరితిత్తుల కాన్సర్‌తో బ్యూనస్ ఎయిర్స్‌లో మరణించాడు.

స్మృతి

1964లో గలీసియన్ సాహిత్య దినోత్సవాన్ని ఈయనకు అంకితం చేశారు. 1981 నాటి స్వయంప్రతిపత్తి చట్టం గలీసియన్‌ను అధికార భాషగా గుర్తించింది. 1936 ప్రజాభిప్రాయ సేకరణ జరిగిన 48 ఏళ్ళకు, అదే తేదీన, అనగా జూన్ 28, 1984న ఈయన అస్థికలను సాంతియాగోలోని ప్రముఖ గలీసియన్ల సమాధి మందిరంలో ఉంచారు.