తాళం లేని పెట్టె

1983లో రామగుండం ఎన్టీపీసీలో తొలి 200 మెగావాట్ల యూనిట్ కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. అదే ఏడాది జూలై 15న జపాన్‌లో నింటెండో ‘ఫ్యామికామ్’ అనే ఆటల పెట్టెను అమ్మకానికి పెట్టింది. రెంటికీ చుట్టరికమేమీ లేదు. కానీ పదేళ్లు తిరిగేసరికి ఆ పెట్టె నకళ్లు మన బొగ్గు కరెంటు మీదే ఆడాయి.

నింటెండో పేరు ఎవరికి తెలుసు? పిల్లలకది ‘టీవీ గేమ్’, అందులో దూర్చేది ‘క్యాసెట్’. పెట్టె మీద సమురాయ్, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లుండేవి. బొగ్గుబాయి నుంచి నైట్‌షిఫ్టు దిగొచ్చిన నాన్న పగలు పడుకునే క్వార్టర్‌లో మారియో సౌండు తగ్గించుకోక తప్పేది కాదు. ఆట రాకపోతే క్యాసెట్‌ను నోటితో ఊదేవాళ్లు. నిజానికి పనిచేసింది ఊదడం కాదు, తీసి మళ్లీ పెట్టడం!

నకళ్లు అంత తేలిగ్గా పుట్టడానికి కారణముంది. 1985లో అమెరికాకు ఎన్ఈఎస్ పేరుతో పంపిన పెట్టెలో నింటెండో తాళం చిప్ బిగించింది; క్యాసెట్‌లో దాని జోడీ లేకపోతే ఆట మొదలవదు. జపాన్ పెట్టెలో ఆ తాళం లేదు. తైవాన్‌లో నకలు తీసింది దాన్నే. ఇక క్యాసెట్ ఎవరైనా చేయొచ్చు. అట్ట మీద ‘9999 ఇన్ 1’ అనుంటుంది, లోపల మాత్రం పేర్లు మార్చుకున్న అవే కొన్ని ఆటలు.

2016 నవంబరులో నింటెండోయే అరచేతిలో పట్టే బుల్లి ఎన్ఈఎస్‌ను తెచ్చింది. 30 ఆటలు, క్యాసెట్ సందే లేదు, కొత్తవి చేర్చే దారీ లేదు. ఈ తాళం రెండు నెలలే నిలిచింది. 2017 జనవరిలో మ్యాడ్‌మంకీ అనే మారుపేరుతో ఒకరు ఆ తాళం తీసే ‘హక్చి’ అనే ప్రోగ్రామ్ చేస్తే, రష్యాకు చెందిన క్లస్టర్‌ఎం దాన్ని మౌస్‌తో నడిచే ‘హక్చి2’గా మార్చాడు.

ఆ బుల్లి పెట్టె లోపలున్నది లినక్స్, ఆల్‌విన్నర్ ఆర్16 చిప్. పవర్ అందుకునే యూఎస్‌బీ సందునే కంప్యూటర్‌కు కలిపి, రీసెట్ నొక్కి పట్టి స్విచ్ వేస్తే చిప్ ‘ఫెల్’ స్థితిలోకి వెళ్తుంది. అది చిప్ చేసినవాళ్లే ఉంచిన దొడ్డిదారి. ముందు లినక్స్ గుండెలాంటి అసలు కెర్నెల్ నకలు దాచుకుని, తర్వాతే మార్చినది ఎక్కించాలి. ఆటల కాపీలకు కాపీరైటు చిక్కు మాత్రం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లే కాబట్టి 512 మెగాబైట్ల మెమరీలో వందల ఆటలు పడతాయి. అయినా ఎన్ఈఎస్‌కు అమెరికాలో లైసెన్సుతో వచ్చినవన్నీ కలిపితే 700 దాటవు. ‘9999’ అని అట్ట కొట్టించినవాడికి ఈ లెక్క తెలిసే ఉంటుంది.