ఒక ఉత్తరం, ఒక పోస్ట్‌కార్డ్: బోస్ యూరప్ ఎలా వెళ్ళారు?



ఫిజిక్స్‌లోనో ఇంజనీరింగ్‌లోనో పీహెచ్‌డీ అయిపోవస్తోంది. పోస్ట్‌డాక్ కోసం ప్రొఫెసర్లకి ఈమెయిల్స్ పెడుతున్నారు. ఎన్ని పెట్టినా జవాబు లేదు. మీలో చాలామంది పరిస్థితి ఇదే కదా? అయితే వందేళ్ళ కిందటి ఒక ఉత్తరం కథ వినండి.

1924, ఢాకా యూనివర్సిటీ. సత్యేంద్రనాథ్ బోస్ అక్కడ ఫిజిక్స్ రీడర్. వయసు 30. పీహెచ్‌డీ లేదు, కలకత్తాలో చేసిన ఎమ్మెస్సీ మాత్రమే. యూరప్ వెళ్ళి పనిచేస్తానని రెండేళ్ళ సెలవు అడిగారు. యూనివర్సిటీ ఏ సంగతీ తేల్చలేదు.

అప్పటికి ఆయన చేతిలో ఒక చిన్న పేపర్ ఉంది. ప్లాంక్ రేడియేషన్ సూత్రాన్ని అందరూ సగం పాత ఫిజిక్స్, సగం కొత్త క్వాంటం కలిపి రాబట్టేవారు. బోస్‌కి అది నచ్చలేదు. కాంతి కణాల్ని లెక్కపెట్టే పద్ధతే మార్చేశారు. రెండు ఫోటాన్లు అచ్చం ఒకేలా ఉంటే, వాటిని అటూ ఇటూ మార్చినా కొత్త అమరిక రాదు. ఆ లెక్కతో సూత్రం సూటిగా వచ్చేసింది.

జూన్ 4న ఆ పేపర్‌ని నేరుగా ఐన్‌స్టీన్‌కే పంపారు. ఉత్తరంలో ఏముంది? పేపర్‌లో కొత్త విషయం ఏంటో క్లుప్తంగా చెప్పారు. ప్రచురించదగ్గదని అనిపిస్తే జర్మన్ పత్రికలో వేయించమన్నారు, ఎందుకంటే అనువదించుకునేంత జర్మన్ తనకి రాదు. ఉద్యోగం మాత్రం అడగలేదు! ఐన్‌స్టీన్ స్వయంగా అనువదించి అదే ఏడాది వేయించారు. ఇవాళ మనం బోసాన్ అంటున్నది ఆయన పేరు మీదే.

ఐన్‌స్టీన్ మెచ్చుకుంటూ ఒక పోస్ట్‌కార్డ్ రాశారు. అది చూపించగానే యూనివర్సిటీలో సెలవు మంజూరైంది. స్టైపెండ్, ఇంట్లోవాళ్ళకి విడిగా భత్యం కూడా ఇచ్చారు. జర్మన్ కాన్సులేట్ ఫీజు లేకుండా వీసా ఇచ్చింది.

వెళ్ళాక అంతా సాఫీగా ఏమీ సాగలేదు. పారిస్‌లో మేరీ క్యూరీ, ముందు కొన్ని నెలలు ఫ్రెంచ్ నేర్చుకుని రమ్మన్నారు. ఆయనకి ఫ్రెంచ్ వచ్చు! మొహమాటంతో ఆ మాట చెప్పలేకపోయారు. తర్వాత మారిస్ డి బ్రోయ్ ఎక్స్‌రే ల్యాబ్‌లో పనిచేశారు. 1925లో బెర్లిన్ వెళ్ళి ఐన్‌స్టీన్‌ని కలిశారు. 1926లో తిరిగొచ్చారు. పీహెచ్‌డీ లేకపోయినా, ఐన్‌స్టీన్ సిఫారసు తోడై, ఢాకాలోనే ప్రొఫెసర్ అయ్యారు.

ఇందులో మనకి పనికొచ్చేవి రెండున్నాయి. ఒకటి, ఉత్తరం. "మీ దగ్గర ఖాళీ ఉందా సర్" అని కాకుండా, "నేను ఇది చేశాను, మీ పనికి ఇక్కడ కలుస్తుంది" అని రాయండి. పేపర్ జతచేయండి. రెండోది, డబ్బు. బోస్ ఖర్చు ఐన్‌స్టీన్ పెట్టుకోలేదు, ఢాకా పెట్టుకుంది. ఇవాళ జర్మనీ హంబోల్ట్ ఫెలోషిప్, యూరప్‌లో మేరీ క్యూరీ ఫెలోషిప్ అలాంటివే. మిమ్మల్ని తీసుకోవడానికి ఒక ప్రొఫెసర్ ఒప్పుకోవాలి, జీతం ఫెలోషిప్ నుంచి వస్తుంది. "నాకు జీతం ఇవ్వండి" కంటే "కలిసి అప్లై చేద్దామా" అన్న మాటకి ఒప్పుకోవడం ఆయనకీ తేలిక.

అందరికీ ఐన్‌స్టీన్ దొరకడు, నిజమే. కానీ బోస్ ముందు పేపర్ రాసుకున్నారు, ఆ తర్వాతే ఉత్తరం రాశారు. ఆ వరుస మాత్రం మన చేతిలోనే ఉంది.

మీ ఈమెయిల్‌లో మొదటి వాక్యం ఏంటో కామెంట్లలో రాయండి. మళ్ళీ కలుద్దాం.